హాయి అన్న మాట

వార్డు బయట నిఘంటువు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలావిడ, అటు వెళ్తున్న నర్సును ఆపింది.

“అమ్మాయ్, మా ఆయన్ని ఇక కంఫర్టబుల్‌గా ఉంచుదామన్నారు డాక్టరుగారు. ఇందులో హాయి, సుఖం, నెమ్మది అనుంది. మరి సెలైన్ తీసేశారేం?”

“ఇక్కడ ఆ మాటంటే నొప్పి తెలీకుండా చూడటం, పెద్దమ్మా.”

“నయం కావడం కాదూ?”

“కాదు. మీ వాళ్లని పిలిపించుకోండి.”

“అయ్యో! నాన్న హాయిగా ఉంటాడట, బెంగపడకని పొద్దున్నే కూతుర్ని రైలెక్కించానే!”

“వెంటనే ఫోన్ చేసి వెనక్కి రమ్మనండి.”

“వచ్చేదాకా ఉంటాడా?”

నర్సు తన ఫోన్ తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

“ఆయనకి ఇంగ్లీషు బాగా వచ్చమ్మా. నేను మురిసిపోతూ అర్థం చదువుతుంటే ఒక్క మాటా అనలేదు. కూతురి చెయ్యి మాత్రం ఎంతకీ వదల్లేదు. రైలు తప్పిపోతుందని నేనే విడిపించాను.”