ఒక్క నొక్కుకు రెండు మోతలు

నా పేరు పెర్పెటువా మానులాట్. వయసు యాభై ఏడు. పెళ్ళి కాలేదు. సెబూ ద్వీపంలో సాన్ రోకె పట్టణం, పాత ఉప్పుమళ్ళ వీధిలో ఉంటాను. చావు జరిగిన ఇళ్ళకు వెళ్ళి తొమ్మిది రోజుల జపాలు నడిపించడం నా పని. మిగిలిన రోజుల్లో చర్చికి బట్టలు కుడతాను. ఈ రోజు 2024 జూన్ 20, గురువారం. ఉదయం తొమ్మిదీ పదికి పోలీసు స్టేషనులో సార్జెంట్ లుమాపాస్ గారి ఎదుట ఈ మాటలు చెబుతున్నాను. నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వచ్చాను.

చనిపోయిన రొసెందో మానులాట్ నా తమ్ముడు. వయసు నలభై మూడు. ఐసు ఫ్యాక్టరీలో మిషను చూసేవాడు. వాడు పుట్టిన రోజునే అమ్మ పోయింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. వాణ్ణి పెంచింది నేను.

వాడి చావుకు మా వెనకింటి ఎలెఉతేరియో కబహుగ్ గారిని ఆరు రోజులుగా లోపల ఉంచారు. పెద్దాయన కాబట్టి మేమందరం నోంగ్ టిర్యో అంటాం. వీధిలో అందరూ రెండు మోతలు విన్నారు. తన చేత్తో తాను ఎవరూ రెండుసార్లు కాల్చుకోరని సార్జెంట్ గారు అన్నారు. పిస్తోలు నోంగ్ టిర్యో చేతిలో దొరికింది. అంతకు మూడు రోజుల ముందు ఆయన నా తమ్ముణ్ణి పట్టుకుని "చస్తావురా" అన్నాడు. ఇవన్నీ నిజమే. కాని ఆయన చంపలేదు. అది చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి.

ఇది రాస్తే నా మీద కూడా కేసు అవుతుందని సార్జెంట్ గారు హెచ్చరించారు. రాయమన్నాను.

మా నాన్న ఇంటి వెనక పాకలో తుపాకులు చేసేవాడు. లైసెన్సు లేదు. అప్పట్లో మా వీధిలో ఎవరికీ లేదు. నాకు పన్నెండో ఏడు వచ్చినప్పటి నుంచి ఆయన పక్కనే కూర్చుని పని చేశాను. గొట్టాలు, బరువు పనులు ఆయనవి. లోపలి చిన్న ముక్కలు నావి. సుత్తిని పట్టి ఆపే కొక్కెం ఒకటి ఉంటుంది, గోరంత ఉంటుంది. దాన్ని సానరాయి మీద నునుపు చేయడంలో నా చెయ్యి మంచిదని నాన్న అనేవాడు. 1998 జూన్ 17న నాన్న పోయాడు. ఆ రోజే బాల యేసు ముందు మొక్కుకున్నాను, మళ్ళీ తుపాకి లోపల చెయ్యి పెట్టనని. ఇరవై అయిదేళ్ళు పెట్టలేదు.

మా వీధి అలవాట్లు రెండు చెప్పాలి. ఒకటి, చేసిన పనిని ఇసక డ్రమ్ములోకి కాల్చి చూస్తారు. మ్యాగజైనులో రెండే తూటాలు పెడతారు. ఒక్కసారి నొక్కితే ఒక్క మోత రావాలి. రెండూ ఒకదాని వెంట ఒకటి పేలిపోతే కొక్కెం అరగాల్సిన దానికంటే ఎక్కువ అరిగిందని అర్థం. "రెండే పెట్టు. మూడోది పెడితే అది ఎటు పోతుందో దేవుడికే తెలియాలి" అనేవాడు నాన్న. అందుకే మా వీధిలో తుపాకి మోగితే ఎవరూ పరుగెత్తరు. ఎన్ని మోగాయో లెక్కపెట్టుకుంటారు, అంతే.

రెండోది, పని ముగించిన వాళ్ళు పిడిచెక్క కింద, పైకి కనపడని చోట, తమ ఇంటి గుర్తు గీస్తారు. మాది చిన్న శిలువ. నోంగ్ టిర్యో వాళ్ళది మూడు చుక్కలు. జైలుకు పోవాల్సిన పనైనా సరే, గుర్తు పెట్టకుండా వదలరు.

నా తమ్ముడు ఆ పిస్తోలును 2023 నవంబరులో కొన్నాడు. లైసెన్సు, కాగితాలు అన్నీ ప్లాస్టిక్ కవరులో ఉన్నాయి, సార్జెంట్ గారికి ఇచ్చాను. గురిపోటీల కోసం కొన్నాడు. వేరే దేనికీ కాదు. వాడు ఎవరినీ చెయ్యెత్తి కొట్టి ఎరగడు. అది మన దేశంలో చేసిందే, చవక రకం, నల్లరంగు. తూటాలు రెండు వరసల్లో పట్టే మ్యాగజైను కాబట్టి పిడి లావు. వాడి చేతులు చిన్నవి. దాన్ని "బొద్దుది" అని పిలిచేవాడు.

ఏప్రిల్లో ఒకసారి నన్ను కొండ కింద కాల్పుల మైదానానికి తీసుకెళ్ళాడు. నగరం నుంచి వచ్చిన వాళ్ళ పిస్తోళ్ళు బంగారు నగల్లా ఉన్నాయి. వాళ్ళలో ఒకాయన వీడిదాన్ని చూసి, కుర్రాణ్ణి పిలిచినట్టు పిలిచి నవ్వాడు.

"ఏం డోంగ్, కొబ్బరిబోండాం పట్టుకొచ్చావే? దాహమేస్తోందా?"

"మీకు వేస్తే చెప్పండి సార్, కొట్టిస్తాను" అన్నాడు మా వాడు.

ఆ రోజు ఆయన కంటే ముందు నిలిచాడు. ఇంటికొచ్చే దారంతా పాడుతూనే ఉన్నాడు.

నెలనెలా దాన్ని కొంచెం కొంచెం మార్చుకున్నాడు. పిడిచెక్కలు పలచన చేసి గరుకు పెట్టాడు. మ్యాగజైను తొందరగా దూరేలా అడుగున వెడల్పు మూతి బిగించాడు. ముందు గురిపుల్లకు ఎర్రగా మెరిసే ముక్క పెట్టాడు. ఇవన్నీ వాడే చేసుకున్నాడు. ట్రిగ్గర్ మాత్రం బరువుగా ఉందని ఫిబ్రవరి నుంచి నా వెంట పడ్డాడు. మొక్కు ఉందన్నాను. అక్కనని వాడు నన్ను మనాంగ్ అనేవాడు.

"బాల యేసుకు నేను చెప్పుకుంటాను మనాంగ్. ఆయన నామాట వింటాడు. ఇద్దరం చిన్నవాళ్ళమే."

మార్చి 2, శనివారం, మధ్యాహ్నం రెండింటికి నాన్న సానరాయి బయటికి తీశాను. నూనె గుడ్డలో చుట్టి ఉంది. రాయి మీద నా వేలి గుంట అలాగే ఉంది. నాలుగున్నరకు పని అయింది. ఎంత తీశానో ఇక్కడ చెప్పను. డ్రమ్ములోకి కాల్చాను. ఒక్క మోత. ఇంకోసారి. ఒక్క మోత. చెక్క కింద శిలువ గీశాను. వాడు పక్కన కూర్చుని నా వేళ్ళనే చూస్తున్నాడు. చూడొద్దని చెప్పలేదు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం నేను ముందుగదిలో జపమాల చెప్పేటప్పుడు వాడు వెనక పాకలో ఖాళీ పిస్తోలుతో సాధన చేసేవాడు. మైదానంలో ప్రతి వంతు చివరా "ఖాళీ అయితే సుత్తి దించు" అంటారట. అప్పుడు మట్టిగట్టు వైపు పెట్టి ఒకసారి నొక్కాలి. టక్ మంటుంది. వాడు ఆ టక్కు నాకోసం ఆపి, నేను ఒక మంగళవార్త జపం ముగించగానే నొక్కేవాడు. ఒక పూసకు ఒక టక్కు. "జపంతో ఆటలేంట్రా" అంటే, "నేనూ చెబుతున్నాగా మనాంగ్, ఇనప భాషలో" అనేవాడు.

జూన్ 9, ఆదివారం. నాన్న పోయిన రోజు వస్తోందని తొమ్మిది రోజుల జపాలు ఆ రోజే మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనం దగ్గర వాడు ఎండుచేప తుంచుతూ అడిగాడు.

"ఇంకొక్క గీత అరగదీయి, మనాంగ్. ఒక్కటంటే ఒక్కటే. పదిహేనో తారీకు పోటీ ఉంది. అందులో నిలిస్తే పై తరగతి."

"చాలు. అంతకు మించితే కొక్కెం నిలవదు."

"అందరిదీ నిలుస్తోంది, నాది నిలవదా?"

"జపాలు అయ్యాక చూస్తాను. పదిహేడు తర్వాత."

"పదిహేడు తర్వాత నాకెందుకు?"

అన్నం తిన్నాను. చూస్తానన్నాను గాని, చూసేదాన్ని కాదు. పోటీ దాటిపోతే అడగడం మానేస్తాడనుకున్నాను.

జూన్ 11, మంగళవారం, సాయంత్రం అయిదింటికి నోంగ్ టిర్యో చిల్లర కొట్టు ముందు ఆయనకూ తమ్ముడికీ గొడవ జరిగింది. కొక్కెం మీరైనా అరగదీయమని తమ్ముడు ఆయన్ని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను, వెనిగర్ కొనడానికి వెళ్ళాను.

"మీ అక్క చేసిన పని మీద నేను ఆకురాయి పెట్టను. పో" అన్నాడు నోంగ్ టిర్యో.

"మీ చెయ్యి వణుకుతోందని చెప్పండి నోంగ్, సరిపోతుంది."

"వణికితేనేరా పదివేళ్ళూ మిగిలాయి. నువ్వే గీకుతావా? గీకు. చస్తావురా వెధవా, నామాట రాసి పెట్టుకో."

అందరూ నవ్వారు. నోంగ్ టిర్యో నవ్వలేదు. ఆ మాటనే సాక్షులు మీకు చెప్పారు. దానికి ముందు మాట చెప్పలేదు.

జూన్ 14, శుక్రవారం. తమ్ముడు అయిదున్నరకు ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు. కాఫీ తాగి పాకలోకి వెళ్ళాడు. నేను ఆరు గంటలకు జపమాల మొదలుపెట్టాను. నాన్న జపాల్లో అది ఆరో రోజు. ఆ సాయంత్రం టక్కు వినపడలేదు. పోటీ ముందు రోజు కదా, చేతికి విశ్రాంతి ఇచ్చాడనుకున్నాను.

ఆరూ పన్నెండుకు, మూడో పది పూసల్లో నాలుగో పూస దగ్గర, రెండు మోతలు వినపడ్డాయి. ఒకదాని మీద ఒకటి పడ్డట్టు వచ్చాయి. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది.

నేను ఏమనుకున్నానో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఎవరో ఎక్కువ అరగదీశారు, చేతకాని పని, అనుకున్నాను. ఏ ఇల్లో అనుకోలేదు. అయిదో పూస పట్టుకున్నాను.

పదో పూస దాకా చెప్పాను. త్రిత్వ స్తోత్రం చెప్పాను. అప్పుడు నోంగ్ టిర్యో కేక వినపడింది. "పెర్పీ!" అని. అప్పుడు లేచాను. ఆరూ పదహారు.

ముందుగది నుంచి పాక పన్నెండు అడుగులు. నోంగ్ టిర్యో తన పెరట్లో ఒక్కడే పందికి మేత వేస్తున్నాడు. రెండు మోతలు వినగానే ఆయనకు ఇల్లు తెలిసింది. ఆయనకు అరవై రెండేళ్ళు, కుడికాలు ఈడుస్తాడు. మధ్యలో కంచె ఉంది కాబట్టి వీధంతా చుట్టి రావాలి. చుట్టి నాకంటే ముందు వచ్చాడు.

తమ్ముడు డ్రమ్ము పక్కన పడి ఉన్నాడు. మెడకు తగిలింది. నేను వెళ్ళేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూశాడు. వాడి తల ఒడిలోకి తీసుకున్నాను. తర్వాత చూడలేదు.

నోంగ్ టిర్యో పిస్తోలు తీసుకుని మ్యాగజైను లాగి, ఖాళీ అని చూసుకుని, చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు. కింద పెట్టకపోవడం మా వీధి వాళ్ళ అలవాటు. ఆరూ ఇరవైకి వచ్చిన వీధి కావలివాళ్ళు చూసింది ఆ పట్టుకోవడాన్నే.

మొదటి తూటా డ్రమ్ములో ఇసకలో ఉంది. పిస్తోలు పైకి లేచింది, రెండోది దానంతట అదే పేలింది, డ్రమ్ము పైన బెంచికి ఉన్న, ముక్కల్ని బిగించి పట్టే ఇనప వైసుకు కొట్టుకుని వెనక్కి వచ్చింది. ఆ వైసు మీద ఉన్న ప్రతి సొట్టా నాకు తెలుసు. ఎడమ దవడ మీద ఉన్నది కొత్తది.

ఇదంతా నాకు శుక్రవారమే తెలుసు. ఆరు రోజులు మాట్లాడలేదు. మాట్లాడితే ఆరూ పన్నెండు గురించి చెప్పాలి. శనివారం నుంచి తమ్ముడి జపాలు నేనే నడిపిస్తున్నాను. పిస్తోలు మీ బీరువాలో తాళం కింద ఉందని తెలుసు. అయినా ఒక మంగళవార్త జపం ముగియగానే వెనక పాకలో టక్ మంటోంది. అది వినపడ్డాకే తర్వాతి పూస జరుపుతున్నాను. నిన్న ఏడో పూస దగ్గర చాలాసేపు రాలేదు. జనం తలలు తిప్పి నా వైపు చూశారు. వచ్చేదాకా ఆగాను.

ఇక్కడ సార్జెంట్ గారు నీళ్ళు ఇచ్చారు. తాగాను.

పిడిచెక్క విప్పి చూడమని అడిగాను. టిర్యో పనైతే మూడు చుక్కలు ఉంటాయన్నాను. పదీ నలభైకి నా ఎదుటే మరలు విప్పారు. చుక్కలు లేవు. నా శిలువ ఉంది. దాని పక్కన ఇంకో శిలువ ఉంది. కొత్తది, లోహం ఇంకా తెల్లగా ఉంది, గీతలు వంకర.

"ఇదేంటి మనాంగ్, తలకిందులుగా ఉంది?" అన్నారు సార్జెంట్ గారు.

"గొట్టం తనవైపు పెట్టుకుని గీశాడు" అన్నాను.

అలా పెట్టుకుంటే నాన్న వేళ్ళ మీద కొట్టేవాడు. వాణ్ణి నాన్న పాకలోకి రానివ్వలేదు, అందుకని వాడికి ఆ దెబ్బ తెలియదు. వాడికి తెలిసిందల్లా నా వేళ్ళు చూసి నేర్చుకున్నదే.

కాబట్టి నోంగ్ టిర్యోని ఇంటికి పంపమని అడుగుతున్నాను. ఆయన చేసింది పరుగెత్తి రావడం ఒక్కటే. మొదటి శిలువ నాది, దానికి శిక్ష నాకు వేయండి. రెండోది నా తమ్ముడిది. ఆరూ పన్నెండు నుంచి ఆరూ పదహారు దాకా ఉన్న నాలుగు నిమిషాలు నావి. వాటికి మీ దగ్గర సెక్షను లేదని సార్జెంట్ గారు అన్నారు. లేకపోయినా రాయమన్నాను. రాశారు.

ఈ సాయంత్రం ఆరింటికి తమ్ముడి జపాల్లో ఆరో రోజు. అప్పటికి నన్ను వదిలితే వెళతాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. ఎవరి బలవంతమూ లేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. బాల యేసు ఎరుగగా ఇది జరిగినది జరిగినట్టు. సంతకం చేసి, కుడి బొటనవేలి ముద్ర వేశాను. పని ముగిసింది కాబట్టి పక్కన మా ఇంటి గుర్తు కూడా గీశాను, పొడుగు కాలు కిందికి వచ్చేలా.

పెర్పెటువా మానులాట్
(కుడి బొటనవేలి ముద్ర)
✝

నా ఎదుట: సార్జెంట్ లుమాపాస్, ఉదయం 11.25