నాడి మేస్త్రీ

రేస్ ఇవ్వకే తల్లీ, రేస్ ఇవ్వకు! రేస్ ఇస్తే ప్రతి డొక్కు బండీ పులిలాగే అరుస్తుంది. పాత బండి చూసే పద్ధతి అది కాదు. ఊరికే నిలబెట్టి తిరగనీ. ఆఁ, ఇంకా వేడెక్కలేదుగా, చెయ్యి ఇలా తే, ఇంజన్ పక్కన ఈ మూత మీద పెట్టు. అలా. ఇప్పుడు నోరు మూసుకో! నవ్వుతావేంటే? నాకిది నేర్పినాయనకి అసలు చెవులే వినపడవు, తెలుసా? పుట్టు చెవుడు. మాటా లేదు. బండి మీద చెయ్యేసి జబ్బు చెప్పేవాడని నాడి మేస్త్రీ అనేవాళ్ళు. రేకుల షెడ్డు, లోపల కాలు పెట్టే చోటుండేది కాదు, కానీ ఏ స్పానర్ ఎక్కడుందో కళ్ళు మూసుకుని తీసేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటుండేది, దాని మొన ఇంజన్‌కి ఆనించి, పిడి పళ్ళతో కరిచిపట్టుకుని, అబ్బబ్బ, ఆ కళ్ళు చూడాలే నువ్వు!

మీ అమ్మ అప్పుడు మీ అమ్మమ్మ కడుపులో ఉంది. నాకు ఉద్యోగం సద్యోగం లేదు. మందుల షాపాయన "సోమవారం ఎనిమిదింటికి బండేసుకుని వస్తే డెలివరీ పని నీది, లేదంటే ఇంకొకడున్నాడు" అనేశాడు. శనివారం ఒక బండి దొరికింది. మా బావమరిది, వాడో పెద్ద నిపుణుడు మరి, ఇంజన్‌కి చెవి ఆనించి "బావా, చప్పుడే లేదు బావా, వెన్న!" అని గంతులేశాడు. నాకు కాలు నేల మీద నిలవలేదు. అయినా ఎందుకైనా మంచిదని మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన స్క్రూడ్రైవర్ కరిచాడు, కాసేపుండి వద్దని చెయ్యూపాడు. వేలు మడిచి నా ఛాతీ మీద టక్, టక్, టక్ అని కొట్టి చూపించాడు. లోపల ఏదో కొట్టుకుంటోందని. మాకెవరికీ వినపడనిది ఈయనకెట్లా తెలిసిందని నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు జారాను. ఆయన మొహం మీదే "చెవిటోడికేం తెలుస్తుంది బండి చప్పుడు!" అనేశాను. పక్కనున్న టైర్ల షాపాయన నా జబ్బ పట్టుకుని "ఒరే, ఆయన పెదాలు చూసి మాటలు పట్టేస్తాడ్రా" అన్నాడు. మేస్త్రీ చేతులు తుడుచుకుని లోపలికెళ్ళిపోయాడు.

కొనేశాను! మరి కొనకుండా ఉంటానా, అంత పొగరు! ఆదివారం పొద్దున ఎక్కి కూర్చుంటే రాజునే నేను. నాలుగు మైళ్ళు వెళ్ళానో లేదో, టకామని ఇంజన్ పట్టేసింది, చక్రం కూడా తిరగలేదు. చప్పుడు తెలియకుండా ఆ అమ్మినవాడు ఇంజన్లో చిక్కటి గేర్ ఆయిల్ పోశాడే! చెవులున్న వాళ్ళందర్నీ మోసం చేశాడు, ఆయన్ని తప్ప. న్యూట్రల్‌లో వేసి ఎండలో నెట్టుకుంటూ తిన్నగా ఆ షెడ్డుకే వెళ్ళాను, ఇంకెక్కడికి వెళ్తాను? తల కొట్టేసినట్టుంది. ఆయన ఇంజన్ విప్పి చూశాడు. వారమైనా పడుతుందన్నట్టు ఏడు వేళ్ళు చూపించాడు. నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు ఏం చేశాడనుకున్నావ్? జేబులోంచి తన సొంత బండి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడే! ఆ బండి మీదే సోమవారం వెళ్ళాను. ఆ ఉద్యోగంతోనే మీ అమ్మ పెరిగింది, చదువుకుంది, అన్నీ.

తాళంచెవి ఇచ్చినప్పుడే చెప్పాను, "తప్పైపోయింది అన్నా, క్షమించు" అని. చెప్పాననే అనుకున్నాను అన్నేళ్ళూ. ఆ తర్వాత ఏడేళ్ళు, నా డ్యూటీ అయ్యాక సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని, నా చెయ్యి పట్టి ఒక్కో బండి మీద పెట్టించి నేర్పాడు. మళ్ళీ ఆ మాటెత్తాల్సిన అవసరమేముందిలే అనుకున్నాను. ఆయన పోయిన రోజు, ఆ షెడ్డు ముందు నిలబడి ఉంటే తట్టిందే నాకు. సిగ్గుతో తల వంచుకుని కదా చెప్పాను. ఆయనకి నా నెత్తి కనపడి ఉంటుంది. పెదాలెక్కడ కనపడ్డాయి?

...

చెయ్యి తీసెయ్, కాలుతుంది.