ఈ ఆదివారం సాక్ష్యం

కూర్మన్నపాలెంలో ఆదివారం పొద్దున్నే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, దేవుడు తనకు చేసిన మేలు గురించి చర్చిలో చెప్పబోయే సాక్ష్యాన్ని అద్దం ముందు నిలబడి అప్పజెప్పుకుంటున్నాడు. భార్య బైబిలు సంచిలో పెడుతూ వింటోంది.

“హుద్‌హుద్ తుపానులో సెట్టు మా గుమ్మానికి అడ్డంగా పడిపోనాది. అయినా దేవుడు మమ్మల్ని బతికించినాడు...”

“మళ్లీ అదేనా మావా? సండే స్కూలు పిల్లలు నీకంటే ముందే సెప్పేత్తన్నారు.”

“జరిగిందే కదేటి?”

“జరిగిందే. ఆ తరవాత దేవుడు ఇంకేటీ సెయ్యనేదా?”

ఆయన కాలరు సర్దుకుంటుంటే ఆమే మళ్లీ అడిగింది.

“ఆ సెట్టు కొమ్మలు నరికి, మనల్ని బయటికి తెచ్చినాయన ఎవరు?”

“పై వాటా శంకర్రావు బాబాయ్. దేవుడే పంపించినాడు.”

“ఆ బాబాయికే కాలు ఇరిగి నెల్లాళ్లయింది. కాస్త కిందికి దింపు, ఎండలో కూకుంటానని మంగళవారం నిన్నడిగితే ఏటన్నావు?”

“ప్రార్థన సేత్తానన్నాను.”

“సేసినావా?”

“సేసినాను. రోజూ సేత్తన్నాను.”

“దేవుడు ఇనే ఉంటాడు. ఇప్పుడు ఎవర్ని పంపించమంటావు?”

ఆయన అద్దంలోంచి చూపు తిప్పుకుని, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు.

“ఇస్త్రీ నలిగిపోద్ది. సర్చికి లేటు కూడా అవుద్ది,” అంది ఆమె.

“అవనీ. నువ్వు కుర్చీ తీసి ఎండ తగిలే సోట ఎయ్యి.”

రెండేసి మెట్లు ఎక్కుతూ ఆయన పైకి కేకేశాడు.

“పిన్నీ, తలుపు తియ్యండి! బాబాయిని దింపడానికి నానొచ్చినాను.”