నీళ్ల పండగ వెళ్లాక

పాక్సే కంటి ఆసుపత్రి వరండాలో కూర్చున్న కుర్ర డాక్టరు చేతిలోని జిగురన్నం ముద్ద ఇంకా నోటికి చేరలేదు. రేపు వియంటియాన్‌లో, లావోస్ కంటి డాక్టర్లందరి ముందూ మాట్లాడాలి. ఎదురుగా పెద్ద డాక్టరమ్మ.

“నవ్వుతారక్కా! శుక్లం ఆపరేషన్లని చెడగొడుతున్నది మన కొత్త సంవత్సరం పండగలో పోసుకునే నీళ్లేనని చెబితే.”

“తల తడపొద్దని చెప్పే పంపుతాంగా?”

“చెబుతాం. కానీ పండగపూట మనవలు దీవెన కోసం నెత్తిన నీళ్లు పోస్తే ఏ తాత వద్దంటాడు? రెండేళ్లుగా చూస్తున్నా, కంట్లో చీము పట్టినవాళ్లలో ఎక్కువమంది పండగ ముందువారం ఆపరేషనైనవాళ్లే.”

ఆవిడ ఫోన్ అందుకుంది. “వచ్చేది పండగ ముందువారం. అప్పటికి రాసిన శుక్లం ఆపరేషన్లన్నీ పండగ వెళ్లాకే పెట్టండి.”

“సభ రేపు కదక్కా! ఇంకా ఒక్క డాక్టరూ ఒప్పుకోలేదు.”

“మరి నేనెవర్నిరా? ఈ ఊరి కళ్లు నేను చూసుకుంటా, మిగతా ఊళ్లవాళ్లకి నువ్వు చెప్పు. ముందు ఆ ముద్ద మింగు.”