సిద్ధరాములన్న పలక

ఏయ్ సుమన్, ఆగాగు. ఆ పలక మీద నీళ్ళ పీపా పెట్టకు తల్లీ. వద్దంటుంటే వినవేందే? పాత కట్టె అనుకుంటున్నవా? అస్సలు టేకుది, నాలుగు మూరల పొడుగు. మీకిప్పుడు కరెంటు మగ్గాలు, గా సాంచాలొచ్చినయి, నిలబడి చూసుకుంటే అయిపాయె. మా దినాలల్ల గుంత మగ్గం. కాళ్ళు గుంతల, నడుము పలక మీద. పొద్దు పొడిస్తే కూసునుడు, పొద్దు గూకితే లేసుడు. మగ్గం ఎవ్వనిదైనా పలక మనదుండాలె అనేటోడు మా తాత. గందుకే మా సిద్ధరాములన్న సోలాపూర్ నుంచి బొంబై పోయిన్నాడు చేతుల బట్టల మూట, భుజం మీద గీ పలక. టేసన్ల టికిట్ బాబు, "క్యా రే, పూరా ఘర్ ఉఠాకే లే జా రహా క్యా?" ఇల్లంత ఎత్తుకపోతున్నవా అని నవ్విండట. నువ్వు చూడలే మా అన్నను. మీ నాయన గూడ చూడలే. కూసో, పనెక్కడికి పోదు.

ముప్పై నాలుగో సన్నో, ముప్పై ఐదో. బొంబై పోతే అందరు మిల్లుల చేరేటోళ్ళు. మా అన్నకు ఆ మిల్లు సైరన్, భోంగా కూత పడకపాయె. వర్లీల మనోళ్ళదే ఒక చేమగ్గాల కార్ఖాన ఉండె, ఆడ కూసున్నడు. మిల్లోళ్ళకు ఐతారం సెలవు, సుట్టి. మగ్గపోళ్ళకు ఏం సుట్టే? అమాసొక్కటే. ఆనాడు పోగు ముట్టొద్దు, పోగు నడిపే నాడె కడగాలె, పలక కడగాలె, పసుపు కుంకుమ పెట్టాలె. జ్యేష్ఠం అమాసనాడు చాల్‌ల నల్లకాడ ఆడోళ్ళు బిందెలతోని కొట్లాడుకుంటున్నరట. ఈయన ఏం జేసిండు, దాదర్ దిక్కు సముద్రం ఉన్నది గదా, ఆడ కడుక్కొస్త అని పలక ఎత్తుకొని పోయిండు. అమాయకుడు! సముద్రమంటే పెద్ద చెరువనుకున్నడు.

మోకాటి లోతుల నిలబడి కడుగుతున్నడు. అంతల ఒక అల వచ్చి పలకను గుంజింది. తాత పలక, ఇడుస్తడా? బోర్ల పడి కావలించుకున్నడు. ఎనకనే ఇంకోటి, ఇద్దరు మనుషులెత్తుది, పలకతోని సహా ఎత్తింది సూడు! "తమ్మీ, కింద నేల లేదు, పట్టుకుందామంటే ఏం లేదు. కళ్ళు తెరిసేసరికి ఇసుకల పడున్న, నోరంత ఉప్పు" అనేటోడు. హిరాజీ అని ఒక కోళీ, చేపలు పట్టేటోడు, వానకాలం పడవ ఒడ్డుకెక్కిచ్చి ఊకె కూసున్నడట. "అరే తెలంగ్యా, మరాయ్‌చ ఆహే కా?" సావాలనుందా అని తిట్టుకుంట ఉరికొచ్చిండు. మా అన్న దగ్గుకుంట, నవ్వుకుంట, పలక చంకల పెట్టుకొని మళ్ళ నీళ్ళల్లకే నడిసిండు. గదీ మా అన్న.

ఆషాఢం అమాస మళ్ళ పోయిండు. శ్రావణం అమాసనాడైతే పలక మీద లేసి నిలబడ్డడు! ఎట్ల నిలబడ్డవే అన్నా అంటే, "నేసెటోని కాళ్ళు గదరా. గుంతల ఏం జేస్తం? ఎడమది దిగితే కుడిది లేస్తది, కుడిది దిగితే ఎడమది. అల గూడ గదే అడుగుతది" అన్నడు. భయం కాలేదా అన్న. "కాదా మరి! ఎనక నుంచి వచ్చే సప్పుడు, వంద మగ్గాలు ఒక్కపారే కొట్టినట్టు. మార్కండేయా, ఇదొక్కటి దాటిస్తే మళ్ళ రాను అని మొక్కేటోన్ని. ఒడ్డున పడంగనే ఎనక్కి తిరిగి, ఇంకోటి వస్తుందా అని చూసేటోన్ని. సిగ్గులేని పానం తమ్మీ." గది చెప్పేటప్పుడు ఆయన మొకం చూడాలె నువ్వు. పెండ్లి నాడు గూడ గంత ఎలుగు లేదు.

నాలుగోది పెత్రమాస. పెద్దలకు బియ్యమియ్యాల్సిన దినం. ఆనాడు గూడ పోయిండు. మా అవ్వ సచ్చేదాంక అదే అనేది, "మీ నాయనకు బియ్యమియ్యకుండ నీళ్ళల్ల ఆడతవారా, పెద్దలు ఊకుంటరా?" అని. పలక ముక్కు కిందికి వంగిందట, ఇగ మీదేదో కిందేదో తెల్వలే, అల బండ మీద బట్ట ఉతికినట్టు ఉతికింది. పలక ఒక్కటే ఒడ్డుకొచ్చింది. హిరాజీ దాన్ని చూసి, నడుముకు తాడు కట్టుకొని దుంకి, ఈయనను గుంజేసిండు. కుడి భుజం ఊడిపాయె. కార్ఖానల, చెయ్యి లేవనోడు మాకెందుకు అన్నరు. పలకతోని వాపస్ సోలాపూర్ వచ్చిండు. నాలుగంటే నాలుగే దినాలు బిడ్డా, ఆయన సముద్రం చూసింది.

ఇగ జోడ్‌భావి పేట్‌ల మా కార్ఖానల ఎడమచేత్తోని నేసుకుంట గదే ముచ్చట. నర్సప్ప అని ఒకడుండె, నోట్ల నాలుక నిలవదు. "ఊర్ల చెరువు, సిద్ధేశ్వర్ తలావ్‌ల దిగనోడు సముద్రం మీద నిలబడ్డడట! కల్లు తాగి పడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నోడు గిట్లనే చెప్తడు" అనేటోడు. అందరు నవ్వుడు. మా అన్న కోపం జేసుకోకపోయేది. ఆ ఏడు పుష్యమాసంల చీరల మూటలతోని నన్ను బొంబై పంపిన్రు. నాకు ఇరవై ఏండ్లు, మెదడు తక్కువ. మా అన్న మస్తు ఖుష్ అయిండు. "పో తమ్మీ, కండ్లార చూసొచ్చి ఈళ్ళకు చెప్పు. ఎప్పుడు పోయినా ఉంటది. నేను పోయినప్పుడల్ల ఉండె." నా మాట మీదనే ఆయన ఇజ్జత్ నిలబడాలె. గంత నమ్మకం నా మీద.

పోయిన. దాదర్ల, ఆయన చెప్పిన కొబ్బరిచెట్ల కాడనే నిలబడ్డ. నీళ్ళేడున్నయే? దూరంగ పండుకున్నయి. పోరగాండ్లు తడి ఇసుకల గోలీలాడుతున్నరు. ఒక అల వచ్చింది, నా బొటనేలు తడిపింది, పోయింది. వాపస్ వచ్చి నేనేం జేసిన? ఒట్టిగ చెప్పినా సరిపోతుండె. చెంబు తీసుకొని కార్ఖాన నడుమ బండల మీద జర నీళ్ళు పోసిన. "ఇగో, మా అన్న సముద్రం! జరుగుండ్రి, మునిగిపోతరు!" అన్న. నర్సప్ప పొట్ట పట్టుకొని నవ్విండు. మా అన్న మగ్గం ఆగింది. గుంతల నుంచే అడిగిండు, "ఏడ నిలబడ్డవ్ తమ్మీ? కొబ్బరిచెట్ల కాడనేనా?" ఆడనే అన్నా అన్న. తల వంచుకున్నడు. మళ్ళ మగ్గం మొదలువెట్టిండు. ఆనాటి సంది సముద్రం మాట ఎత్తలే. ఎత్తితే తిట్టేటోన్ని గాదు గద నేను, తమ్మున్ని. ఎందుకు ఎత్తకపాయె?

నలభై మూడుల మా అన్నకు జరం వచ్చింది. మూడో దినం నా చెయ్యి పట్టుకొని, "తమ్మీ, నిజం చెప్పు. నువ్వు పోయిన్నాడు నిజంగ ఏం లేకుండెనా? మరి నేనేమన్న కలగన్ననా?" అన్నడు. కలనా అని అడుగుతుండు బిడ్డా! ఊడిన భుజం పెట్టుకొని! లేకుండె అన్నా అన్న. ఏం చెప్పాలె మరి, చూసింది గదే గదా. గా జరంలనే పోయిండు.

మీ నాయనమ్మను దవాఖానల చూపియ్యనీకి ముప్పై ఏండ్లకు మళ్ళ బొంబై పోయిన. ఆషాఢం. మనసు గుంజి దాదర్ పోయిన. పోలీసోడు జనాన్ని ఎనక్కి నూకుతుండు. అమ్మమ్మమ్మ! ఇల్లంత నీళ్ళు లేసి నిలబడ్డయి సుమన్. నిలబడి, వంగి, మా మీద పడ్డయి. వంద మగ్గాల సప్పుడు! గదే! చేపలమ్మే ముసల్ది పక్కన నిలబడి, "ఇయ్యాల అమాస గదా బాబా. అందుల వానకాలం. అమాసకు, పున్నమకు దర్యా గిట్లనే లేస్తది, నడుమ అష్టమికి చూస్తే పండుకుంటది" అన్నది. ఆయనకు అమాసకు తప్ప సుట్టి ఏది? అమాస సముద్రమే చూసిండు, సముద్రమంటే గదే అనుకున్నడు. నేను పోయింది అష్టమో నవమో. ఇద్దరం నిజమే చెప్పినం. ఆడనే నిలబడి, ఉన్నది అన్నా, కల గాదన్నా అని ఒర్రిన. జనం పిచ్చోడనుకున్నరు. అనుకోనీ. నర్సప్ప సచ్చిపాయె, కార్ఖాన పడగొట్టిరి, ఆ చెంబు నీళ్ళను చూసి నవ్వినోళ్ళల్ల ఒక్కడు మిగల్లే. ఇగ నేను ఎవ్వనికి చెప్పాలె...

ఆఁ? ఏం లేదు. పెట్టుకో పో, పీపా దాని మీదనే పెట్టుకో. జర నీళ్ళు పొర్లినా సరే, తుడవకు.