తాడు వదిలి చెప్పిన మాట

మాసేనని, గవ్వలపేట గోలీ. బంతిని ఆపేవోడిని గోలీ అంటారు కదా, ఆ గోలీ అనుకోండి. మంచోడే, సముద్రం మీద వేటకెళ్తే ఉత్తి చేతుల్తో రాడు. కానీ కిందటేడు ఫుట్‌బాల్ ఫైనల్లో ఏటైందంటే, మెల్లిగా దొర్లుకుంటా వొచ్చిన బంతి వాడి కాళ్ల మధ్యనించి పోయింది. అంతే, కప్పు పక్కూరు చింతలరేవోళ్లు పట్టుకుపోయారు, వీడికి చిల్లివల అని పేరెట్టీసారు. చేపలమ్మే ఆడోళ్లు కూడా, ఓ చిల్లివలా, మీ ఆవిడ ఇంట్లో ఉందా అని అడగడమే. ఏడాదంతా పడ్డాడు. ఎవరితోనూ గొడవపడ్లేదు గానీ, అన్నం సగం తిని లేచీసేవోడంట. 'ఈసారి ఆపకపోతే ఈ పేరుతోనే నన్ను పాడెక్కిస్తారే' అన్నాడంట పెళ్లాం పోలమ్మతో. ఆవిడేమో చింతలరేవు ఆడపడుచు. అవతలి జట్టులో పెనాల్టీలు కొట్టే ఎల్లాజీ ఆవిడ సొంత తమ్ముడు. ఏం చెప్తాది పాపం! 'నువ్వు ఆపుకో, వాడు కొట్టుకుంటాడు, నన్ను మధ్యలోకి లాగకండి' అందంట.

సరే, ఫైనల్ వొచ్చింది. ఇసకలోనే ఆట. పెద్ద పెద్ద క్లబ్బులేం కావు, పొద్దున్న వేటకెళ్లి సాయంత్రం బంతి తన్నేవోళ్లు. గోలు కర్రలకి కట్టింది కూడా పాత వలే. ఆడారు, ఆడారు, చెరో గోలూ కొట్టారు, తేల్లేదు. పెనాల్టీలు పెట్టారు. అవీ కొట్టారు, కొట్టారు, ఆఖరికి ఎల్లాజీ తన్ను ఒక్కటే మిగిలింది. వాడు కొడితే మళ్లీ సమానం, మాసేను ఆపితే కప్పు గవ్వలపేటది. రిఫరీగా నించున్న బళ్లో డ్రిల్లు మాస్టారు ఈల ఊదాడు. ఎల్లాజీ పరుగందుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఒడ్డు మీంచి కేక, 'చేప! చేప! వల బరువెక్కిందిరో!' అని. అలివి వల సంగతి మీకు తెలుసు కదా, పడవలో తీసుకెళ్లి నీళ్లలో చుట్టూ వేసీసి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుమీంచి లాగాలి. తాడు మీద ఎవడి చెయ్యి పడితే వాడికి వాటా, ఏ ఊరోడైనా సరే. ఇంకేటుంది! చూసేవోళ్లు పోయారు, ఆడేవోళ్లు పోయారు, డ్రిల్లు మాస్టారు కూడా నోట్లో ఈలతోనే పోయాడు. ఎల్లాజీ కాలు మాత్రం ఆగలేదు, తన్నీసాడు. మాసేను ఎడమపక్కకి ఎగిరి రెండు చేతుల్తో పట్టీసాడు. పట్టి, గుండెకి హత్తుకుని లేచి చూస్తే ఏముందీ, నరమానవుడు లేడు. ఎల్లాజీ ఒక్కడే నోరు తెరుచుకుని నించున్నాడు. 'చూసేవా?' అన్నాడంట మాసేను. వాడు ఒడ్డుకి పరిగెట్టీసాడు.

మాసేను బంతి పక్కన పడీసి తనూ వెళ్లి తాడు పట్టుకున్నాడు. లాగుతా, 'ఆపేన్రా, నిజంగా ఆపేన్రా' అంటాడు. ఎవడు నమ్ముతాడు? ఆపేవులే చిల్లివలా, ముందు లాగు అని నవ్వుతారు. వాడికి ఏడుపొచ్చీసిందంట. రాదా మరి? అలాంటి బంతి పడితే చూసినోడు లేడు! అప్పుడు గవ్వలపేట కులపెద్ద, సింహాద్రి ముసలోడు, 'ఒరే ఎల్లాజీ, నువ్వున్నావు కదా అక్కడ. గోలా, కాదా?' అని అడిగాడు. ఇక్కడొక సంగతుంది. లాగుతున్న తాడు మీద చెయ్యుంచి మనోళ్లెవరూ అబద్ధమాడరు. ఆడితే గంగమ్మ వల చింపీస్తాదని భయం. తగువులు తేల్చేది కూడా అక్కడే. అందరూ ఎల్లాజీ వైపే చూస్తన్నారు. ఇటు బావ, అటు ఊరు. వాడు తన ఊరోళ్ల మొహాలు చూసాడు, బావ మొహం చూసాడు. చూసి, ఏం చేసాడంటే, మెల్లిగా రెండు చేతులూ తాడు మీంచి తీసీసాడు. వాటా పోతాది, తెలుసు. వెనక్కి జరిగి, చేతులు నిక్కరుకి తుడుచుకుని, అప్పుడు చెప్పాడు, 'గోలే' అని.

ఒక్కడూ నవ్వలేదంట. 'సరే, తెలిసింది, లాగండి' అన్నాడు ముసలోడు. చింతలరేవోళ్లే కప్పు తెచ్చి మాసేను చేతిలో పెట్టారు. మాసేను ఏం చేసాడనుకున్నారు, తన వాటా చేపల్లో సగం బామ్మర్ది బుట్టలో పోసీసాడు. వాడూ వొద్దనలేదు. ఇప్పటికీ ఎల్లాజీని అడిగితే గోలే అంటాడు. అయితే రా, తాడు పట్టుకుని చెప్పు అంటే మాత్రం, పనుందని వెళ్లిపోతాడు. కావాలంటే మీరూ అడిగి చూడండి. నేనడిగేను, తిట్టాడు.