యాకమ్మ గంపెడు మట్టి

ఏందల్లుడా, మడి మీద తెల్లగ మెరుస్తాందని చూస్తానవా? సున్నమనుకున్నవా? చౌడు అది. పాలకూర తప్ప ఏదేసినా కొసలు మాడ్చి సంపుతది. ఒకప్పుడు ఇది వంగతోట, నువ్వు నమ్మవు. వరంగల్ మార్కెట్ల ఈ రాజలింగు వంకాయంటే గంప దించంగనే ఒడిసేది. ఆ గొప్ప నాది గాదులే. చాకలి యాకమ్మది.

మా బట్టలుతికేది యాకమ్మ. ఎండలు ముదిరినయంటే గంప వట్టుకోని వచ్చి, కొబ్బరి చిప్పతోటి మడి మీది తెల్లటి పొరంత గోకి ఎత్తుకపోయేది. అది బట్టలకు వట్టిచ్చి బానల ఉడకబెడ్తే మురికంత ఇడిసేది. అప్పట్ల గీ సబ్బులేడియి? మా నాయిన ఎన్నడు అడ్డం చెప్పలే. ఆమె గోకినంక రెండు బండ్లు చెరువు మట్టి కొట్టిచ్చి, వాన వడంగనే నారు వెట్టేటోడు. మీ అత్త మొగిలమ్మ కొత్తగ కాపురానికొచ్చి ఆ వంకాయ కూర వండితే... సరె, ఎటో వోతాన.

పందొమ్మిది వందల డెబ్బై ఆరనుకుంట. నాయిన వోయిండు, నేను బాయిల బోరు దింపి కరెంటు మోటరు వెట్టిన. నీళ్లు జర ఉప్పగుండె. ఉంటే ఏంది, దండిగున్నయి గదా అని మస్తుగ పారిచ్చిన. యూరియా గూడ అప్పుడే మరిగిన. ఎండకాలం వచ్చేసరికి మడి ఎప్పటికంటె తెల్లగైంది. నేనేమనుకున్న? నేను సల్లిన యూరియానే పైకి తేలిందనుకున్న! నవ్వకు. అదీ తెలుపే, ఇదీ తెలుపే. అగో, యాకమ్మ గంప నింపుకోని లేస్తాంది. "నా ఎరువంత ఎత్తుకపోతానవేందే, దించు!" అని ఒర్రిన. నిలవడి చూసింది. "ఎరువు గాదు పటేలా, ఉప్పు. చిటికెడు నాలికె మీదేస్కో, తెలుస్తది" అని చెయ్యి ముందటవెట్టింది. ఆమె చేతిది నేను నాకుతనా? గంప గుంజి మట్టంత మళ్ల మడిలనే కుమ్మరిచ్చిన. ఉత్త గంప తీస్కోని పోయింది. మళ్ల రాలే.

ఆ యేడు కాయ మంచిగనే కాసింది. చూసిన్రా అని మీసం దువ్విన. రెండో యేడు ఆకులు ముడుసుకపోయినయి. మూడో యేడు నారు వారానికే సచ్చింది. నేనేమో ఇంకింత యూరియా, ఇంకిన్ని నీళ్లు. ఆమె గోకుడుతోటే మడి బతికిందని తెలివొచ్చేసరికి అయిదేండ్లాయె. ఆమె ఇంటికి వోయిన. మంచంల వడ్డది. "గంప తీస్కోని రా యాకమ్మా" అన్న. నవ్వింది ముసల్ది. "నడుము లేస్తలేదు పటేలా. కోడలు సోడతోటి ఉతుకుతాంది. నీ మట్టి ఇప్పుడెవలికి గావాలె?"

ఇగ నేనే గోకిన అల్లుడా. మోకాళ్ల మీద గూసోని, చిప్పతోటి, మూడెండకాలాలు. ఎంత గోకినా అడుగునుంచి ఉప్పు ఎగదన్నుతనే ఉండె. పానం ఇసిగిపోయింది. ఒకనాడు, ఆమె దగ్గర గుంజుకున్న గంపెడు మట్టి ఆమెకు తిరిగియ్యాలె, తప్పయిందనాలె అని నెత్తిన వెట్టుకోని వోయిన. వాకిట్ల పాడె గడ్తాన్రు. గంప దించుడు గూడ మర్సిపోయి నిలవడ్డ. అప్పుడేసుకున్న, చిటికెడు. నాలికె మీద.

...పొద్దు వోతాంది. నాలుగు కట్టలు పాలకూర కోస్కోని నడువు. మీ అత్తకు జెప్పు, ఇయ్యాల గూడ నా పప్పుల ఉప్పెయ్యద్దని.